శత్రువూ మిత్రుడూ కాని పురుగు: ఆయకట్టు నేలలో కీటక జీవావరణ విద్య

నిజాంసాగర్ నిర్మాత నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసం ఆయన జయంతి అయిన జూలై 11న, ఆ జలాశయపు నీటితో పెరిగిన బాన్సువాడలో, పునర్వసు కార్తె నాట్ల నడుమ జరగడం ఎంతో సముచితంగా ఉన్నది.

1877లో జన్మించి 1949లో కన్నుమూసిన అలీ నవాజ్ జంగ్ హైదరాబాద్ రాజ్యానికి చీఫ్ ఇంజనీరుగా పనిచేశారు. గోదావరికి ఉపనది అయిన మంజీర మీద 1923లో మొదలైన నిజాంసాగర్ నిర్మాణం 1931లో పూర్తయింది. 2.75 లక్షల ఎకరాలకు నీరందించాలన్న సంకల్పంతో కట్టిన ఆ ఆనకట్ట వల్ల, వానను నమ్ముకుని జొన్న వంటి మెట్ట పంటలు పండిన నేల ఒక తరం గడిచేలోగా వరి మడులుగా, చెరకు తోటలుగా మారింది. కోస్తా జిల్లాల రైతులు వలస వచ్చి వర్ని, కోటగిరి, రుద్రూర్, బోధన్ ప్రాంతాల్లో స్థిరపడ్డారు. 1930ల చివర బోధన్‌లో చక్కెర కర్మాగారం వెలిసింది. ఈ మార్పు వల్ల మనుషుల బతుకులు ఎట్లా మారాయో చరిత్రకారులు, ఆర్థికవేత్తలు చెబుతూనే ఉన్నారు. అయితే ఆ నీటి వెంట వచ్చిన జనాభా మరొకటి ఉన్నది. దాని లెక్క ఏ జమాబందీలోనూ చేరలేదు. ఏడాదిలో సగం రోజులు నీరు నిలిచే మడి, ఆరు కాళ్ళ జీవులకు అంతకు ముందు ఈ నేలలో లేని ఆవాసం. తూనీగ, దోమ, నీటిపెంకు, కాండం తొలిచే రెక్కలపురుగు, వీటిని తిని బతికే వందల రకాల చిన్న ప్రాణులు కాలువ వెంట విస్తరించాయి. నీటిని తెచ్చిన ఇంజనీరు స్మృతి సభలో ఆ ప్రాణుల గురించి, వాటిని చదివే విద్య గురించి మాట్లాడటానికి కారణం ఇదే.

ఈ ఉపన్యాసం ప్రతిపాదించదలచినది ఒక్క విషయమే. తెలుగు నేలలో కీటక శాస్త్రం శత్రువును గుర్తించే విద్యగా పుట్టింది. కొన్ని దశాబ్దాల కఠిన అనుభవం తర్వాత మిత్రుణ్ణి గుర్తించడం నేర్చుకున్నది. కానీ శత్రువూ మిత్రుడూ కాని పురుగును, అంటే పొలంలోనూ అడవిలోనూ ఉన్న కీటకాల్లో అత్యధిక భాగాన్ని, ఇంకా చదవనేలేదు. ఆ మూడో వర్గాన్ని చదవడానికి విశ్వవిద్యాలయంలో ఒక పట్టా స్థాయి విద్య కావాలి. ఆ విద్య పేరు కీటక జీవావరణ శాస్త్రం, కీటక పరిరక్షణ. జీవావరణ శాస్త్రమంటే ఒక ప్రాణికి తన చుట్టూ ఉన్న ఇతర ప్రాణులతో, నేలతో, నీటితో, రుతువుతో ఉన్న సంబంధాలను పరిశీలించే శాస్త్రం. పరిరక్షణ అంటే ఆ సంబంధాలు తెగిపోకుండా చూసే ఆచరణ. మొదటిది తెలియకుండా రెండోది సాధ్యం కాదు.

పురుగును గమనించడం తెలుగువారికి విశ్వవిద్యాలయాలు నేర్పిన పని కాదు. రైతు భాషలోని పేర్లే అందుకు సాక్ష్యం. వరి దుబ్బు అడుగున చేరి రసం పీల్చే చిన్న గోధుమరంగు పురుగు వల్ల పైరు సుడి తిరిగినట్లు గుండ్రంగా ఎండిపోతుంది కనుక దాన్ని సుడిదోమ అన్నారు. మరొక పురుగు సోకిన వరి పిలక ఉల్లికాడ వలె గొట్టంగా మారుతుంది కనుక ఆ బెడదకు ఉల్లికోడు అని పేరు పెట్టారు. తొలకరి తడికి నేల మీద మెరిసే ఎర్రటి మఖమల్ ప్రాణికి దాని కాలాన్ని బట్టి ఆరుద్ర పురుగు అన్నారు. దానికి ఎనిమిది కాళ్ళు ఉండటం వల్ల శాస్త్రం దాన్ని కీటకాల్లో చేర్చక సాలీడు బంధువుల్లో చేర్చింది. అయినా ఒక జీవి రాకను ఒక కార్తెతో ముడివేసిన ఆ నామకరణంలో, ఈనాటి శాస్త్రజ్ఞులు రుతుక్రమ పరిశీలన అని పిలిచే పద్ధతి బీజరూపంలో ఉన్నది. ఉత్తర తెలంగాణలో మహదేవపూర్, చెన్నూరు అడవి పల్లెలవారు మద్ది చెట్ల మీద దసలి పట్టుపురుగును మేపి గూళ్ళు సేకరించడంలో, ఆ పురుగుకు ఏ ఆకు ఇష్టమో, ఏ పక్షి దానికి శత్రువో, ఏ వానకు అది గూడు కడుతుందో తెలిసిన తరతరాల జ్ఞానం ఉన్నది.

అయితే గమనిక ఒకటి, వివరణ మరొకటి. భ్రమరకీటన్యాయం అనే మాట తెలుగు పాఠకులకు సుపరిచితం. కందిరీగ జాతి తుమ్మెద ఒకటి పురుగును తెచ్చి మట్టిగూటిలో పెట్టి మూసివేస్తుంది. కొన్ని రోజులకు ఆ గూటిని చీల్చుకుని మరో తుమ్మెద బయటికి వస్తుంది. లోపల పెట్టిన పురుగు భయంతో తుమ్మెదనే ధ్యానిస్తూ తానే తుమ్మెద అయిందని పెద్దలు భావించి, ధ్యానించినవాడు ధ్యేయమే అవుతాడన్న వేదాంత తత్త్వానికి దాన్ని ఉపమానంగా చేశారు. ఉపమానంగా అది సుందరమే. గూటిని మధ్యలో విప్పి చూస్తే కనిపించేది వేరు. తల్లి కందిరీగ కాటుకు ఆ పురుగు చావదు, కదలలేని స్థితిలో తాజాగా పడి ఉంటుంది. అదే గూటిలో కందిరీగ పెట్టిన గుడ్డు పొదిగి, పిల్లపురుగు ఆ నిల్వ ఆహారాన్ని తిని, ప్యూపాగా మారి, రెక్కలు తొడుక్కుని బయటికి వస్తుంది. పెట్టినది, వచ్చినది రెండూ సరిగానే గమనించిన కన్ను, నడుమ జరిగినదాన్ని చూడలేదు. గూటి లోపలి ఆ నడిమి కథే జీవావరణ శాస్త్రం. పంటకు హాని చేసే గొంగళిని అదుపులో ఉంచే సహజ యంత్రాంగం అక్కడే ఉన్నది.

ఆధునిక కీటక శాస్త్రం తెలుగు నేల మీద అడుగుపెట్టిన ఘట్టాల్లో ముఖ్యమైనది సికింద్రాబాద్‌లో జరిగింది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్, మలేరియా రోగి రక్తం తాగిన దోమ పొట్టలో ఆ వ్యాధి కారక జీవి పెరుగుతున్నట్లు కనుగొన్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఈ కథలో తరచుగా మరుగున పడే అంశం ఒకటి ఉన్నది. అంతకు ముందు రాస్ కోసి పరిశీలించిన దోమలు వేరే రకాలవి కావడం వల్ల వాటిలో ఏమీ దొరకలేదు. రెక్కల మీద మచ్చలున్న మరో రకం, ఈనాడు అనాఫిలిస్ అని పిలుస్తున్నది, చేతికి వచ్చిన తర్వాతనే రహస్యం వీడింది. దోమ అన్న ఒక్క పేరు కింద ఎన్నో జాతులున్నాయని, వాటిలో ఏ జాతి అన్న ప్రశ్నకు సమాధానం దొరకనిదే ఎంత శ్రమ పడినా ఫలితం ఉండదన్నది రాస్ ప్రయోగశాల నేర్పిన పాఠం. జాతిని గుర్తించి పేరు పెట్టే ఈ విద్యనే వర్గీకరణ శాస్త్రం అంటారు.

ఆ తర్వాతి కాలంలో కీటక శాస్త్రం ప్రభుత్వ శాఖగా ఎదిగింది. 1903లో మాక్స్‌వెల్ లెఫ్రాయ్ భారత ప్రభుత్వ కీటక శాస్త్రవేత్తగా నియమితుడయ్యాడు. 1905లో బీహార్‌లోని పూసాలో వ్యవసాయ పరిశోధన సంస్థ వెలిసింది. లెఫ్రాయ్ తొలి గ్రంథం 1906లో పంట పురుగుల మీద వచ్చింది. 1909లో వచ్చిన రెండో గ్రంథం మొత్తం కీటక జీవనాన్ని వర్ణించింది. దక్షిణాదిలో బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ 1914లోనూ, టి.వి. రామకృష్ణ అయ్యర్ 1940లోనూ ప్రచురించిన గ్రంథాలు మద్రాసు రాష్ట్రపు వ్యవసాయ విద్యార్థులకు ఆధారమయ్యాయి. 1945లో బాపట్ల వ్యవసాయ కళాశాల, 1964లో రాజేంద్రనగర్ కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, 1966లో హైదరాబాద్‌లో కేంద్ర సస్యరక్షణ శిక్షణ సంస్థ ఏర్పడ్డాయి. ఈ ఆయకట్టు మధ్యలో ఉన్న రుద్రూర్ ప్రాంతీయ చెరకు, వరి పరిశోధన స్థానం కూడా ఆ సంప్రదాయంలోనిదే. ఈ సంస్థలన్నీ ఒకే ప్రశ్నకు జవాబు వెతికాయి: ఈ పంటను ఏ పురుగు తింటున్నది, దాన్ని ఎట్లా ఆపాలి? ఆకలి వెంటాడిన కాలంలో ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ ప్రశ్న వేసుకున్న విద్య, పంటను తినని పురుగును సహజంగానే పక్కన పెట్టింది.

హరిత విప్లవం వచ్చిన తర్వాత ఆ లోపం ఖరీదైనదిగా తేలింది. ఉల్లికోడు చరిత్రే అందుకు మంచి ఉదాహరణ. వరంగల్ పరిశోధన కేంద్రంలో ఈశ్వరకోర అనే దేశవాళీ వరికి ఆ పురుగును తట్టుకునే గుణం ఉన్నట్లు గుర్తించి, దాన్ని ఎంటీయూ 15 రకంతో సంకరపరచి డబ్ల్యూ 1263 అనే నిరోధక వంగడాన్ని రూపొందించారు. దేశమంతటా తర్వాతి వంగడాలకు అది మూలాధారాల్లో ఒకటైంది. కానీ పురుగు కూడా ఊరుకోలేదు. నిరోధక వరిని సైతం తినగల కొత్త రూపాలు, శాస్త్ర పరిభాషలో బయోటైపులు, ఒకదాని తర్వాత ఒకటి బయటపడి, దేశంలో వాటి సంఖ్య ఏడుకు చేరింది. వంగడాన్ని మార్చిన ప్రతిసారీ పురుగు మారిందంటే, పైరు, పురుగు, పురుగును తినే పురుగు కలిసి పరిణమించే ఒకే వ్యవస్థలోని భాగాలని అర్థం.

సుడిదోమ కథ ఇంకా స్పష్టమైనది. ఎక్కువ దిగుబడి వంగడాలు, దగ్గర దగ్గర నాట్లు, అధిక నత్రజని వచ్చిన 1970లలో అది ఆసియా అంతటా వరికి ప్రధాన శత్రువైంది. దాన్ని చంపడానికి చల్లిన మందులే దాన్ని పెంచుతున్నాయని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో జరిగిన అధ్యయనాలు తేల్చాయి. సుడిదోమ తన గుడ్లను ఆకు తొడుగు కణజాలంలో దాచి పెడుతుంది కనుక మందు వాటిని తాకదు. ఆ గుడ్లను పీల్చే మిరిడ్ నల్లులు, పిల్లపురుగులను పట్టే సాలీళ్ళు మాత్రం మందుకు ముందుగా చస్తాయి. వారం తర్వాత గుడ్ల నుంచి వచ్చిన కొత్త తరానికి అడ్డు చెప్పేవాడు ఉండడు. ఈ వాదాన్ని నమ్మి ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరి మీద 57 రకాల కీటకనాశకాలను నిషేధించింది. అక్కడి నుంచి వ్యాపించిన రైతు క్షేత్ర పాఠశాలలే తెలుగు నేలలో పొలంబడులు అయ్యాయి. రైతులు ఉదయాన్నే మడిలో దిగి దుబ్బులను పరిశీలించి, శత్రు పురుగులను, మిత్ర పురుగులను లెక్కపెట్టి, చెట్టు కింద కూర్చుని పెద్ద కాగితం మీద పైరు బొమ్మ గీసి వాటిని అందులో చూపించి, మందు చల్లాలో వద్దో చర్చించి తేల్చుకునే ఆ పద్ధతి, విశ్వవిద్యాలయం గోడల బయట జరిగిన ఉత్తమ కీటక జీవావరణ విద్య అనడంలో సందేహం లేదు. ప్రతి 2 మీటర్లకు తూర్పు పడమరలుగా 20 సెంటీమీటర్ల కాలిబాట వదలాలన్న సలహాను నేడు ప్రతి వరి రైతు ఎరుగును. గాలి, వెలుతురు దుబ్బు అడుగుకు చేరితే సుడిదోమకు నచ్చిన తేమ నీడ చెదిరిపోతుందన్న జీవావరణ సూత్రమే దాని వెనుక ఉన్నది.

పత్తి నేలలు ఈ పాఠానికి ప్రాణాలతో మూల్యం చెల్లించాయి. 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ, 1997-98లో వరంగల్ జిల్లాలో కాయతొలుచు పురుగు, పొగాకు లద్దెపురుగు మందులకు లొంగకుండా విజృంభించినప్పుడు, అప్పు తెచ్చి మందు మీద మందు కొట్టిన రైతులు ఎందరో అదే మందు తాగి ప్రాణాలు విడిచారు. ఆ చీకటి నుంచే వేరే దారి కూడా తెరుచుకున్నది. నాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం 2000 దశకం తొలి సంవత్సరాల్లో పురుగుమందులకు స్వస్తి చెప్పింది. 2004-05 నుంచి గ్రామీణ మహిళా సంఘాల ద్వారా పురుగుమందులు లేని సస్యరక్షణ నాటి ఉమ్మడి రాష్ట్రంలో విస్తరించింది. తెలంగాణ మెట్ట పైర్లను తినే ఎర్ర గొంగళి విషయంలో అనుసరించిన ఉపాయం ఎంతో సరళమైనది: తొలకరికి నేలలోని ప్యూపాల నుంచి రెక్కలపురుగులు లేచే రాత్రుల్లో ఊరంతా కలిసి మంటలు వేస్తే, గుడ్లు పెట్టక ముందే అవి వెలుగుకు వచ్చి కాలిపోతాయి. ఒక్క రైతు వేస్తే ఫలించని ఆ మంట, ఊరంతా వేస్తే ఫలిస్తుంది. పురుగు జీవితచక్రంలో దాని బలహీన ఘడియ ఎక్కడుందో తెలిస్తే చాలునని ఇది చెబుతున్నది.

ఇంతవరకు శత్రువు, మిత్రుడు. ఇక మూడో వర్గం. నాటు వేసిన పదిరోజులకు బాన్సువాడ చుట్టుపక్కల ఏ మడి గట్టు మీద కూర్చుని చూసినా అది కనిపిస్తుంది. పైరు ఇంకా పలచగా ఉంటుంది. దాన్ని తినే పురుగు ఇంకా రాలేదు. కానీ నీటి అడుగున కుళ్ళుతున్న ఆకుల మధ్య ఎర్రటి దారపు ముక్కల వంటి పిల్లపురుగులు వంకరలు తిరుగుతుంటాయి. సాయంత్రానికి అవి రెక్కలు తొడిగి, కుట్టని చిన్న దోమలుగా గట్టు మీద పొగ స్తంభంలా లేస్తాయి. తెల్లవారి చూస్తే దుబ్బుకూ దుబ్బుకూ నడుమ సాలెగూళ్ళ నిండా అవే. 1996లో విలియం సెటిల్ బృందం జావా వరి పొలాల మీద ప్రచురించిన అధ్యయనం దీని అర్థాన్ని వెల్లడించింది. పంట తొలి వారాల్లో, శత్రు పురుగు రాకముందే, నీటిలోని కుళ్ళును, నాచును తిని పెరిగే ఈ అనామక పురుగులే సాలీళ్ళను, ఇతర వేటగాళ్ళను పోషించి నిలబెడుతున్నాయి. అందువల్ల సుడిదోమ మడిలో దిగేసరికి కాపలాదారు అప్పటికే బలిసి ఉంటాడు. తొలి దశలో ముందుజాగ్రత్త పేరుతో గుళికలో మందో వేసినప్పుడు చచ్చేది ముఖ్యంగా ఈ అనామకులు, వాటి వెంట కాపలాదారులు. పంటకు మేలూ కీడూ చేయని పురుగు మీదనే మిత్రుడి బతుకు ఆధారపడి ఉన్నదన్నమాట. శత్రుమిత్రుల పట్టికలో ఆ పురుగుకు గడి లేదు.

మరొక ఉదాహరణ సీతాఫలం. తెలంగాణ గుట్టల మీద ఎవరూ నాటకుండానే పెరిగి, పండుగల రోజుల్లో పేద ఇంటికీ నాలుగు రూపాయలు తెచ్చే ఆ చెట్టు పువ్వు దళసరి రేకులతో తలవంచుకుని ఉంటుంది; మొదట స్త్రీ దశలో ఉండి, కీలాగ్రం ఎండిన తర్వాతనే పుప్పొడి విడుస్తుంది కనుక, తన పుప్పొడి తనకు అందదు. తేనెటీగకు అందులో పని లేదు. కుళ్ళిన పండు వాసన వంటి ఆ పూల వాసనకు ఆవగింజంత గోధుమరంగు పెంకుపురుగులు వచ్చి, రేకుల మధ్య తలదాచుకుని, ఒంటికి అంటిన పుప్పొడిని తర్వాతి పువ్వుకు చేరుస్తాయి. సీతాఫలం మీద కనిపించే ప్రతి కన్నూ ఫలదీకరణ చెందిన ఒక అండాశయ భాగం. పురుగులు చాలినన్ని రాకపోతే కాయ ఒక పక్క అణిగి వంకరగా పెరుగుతుంది. వంకర కాయను చూసి వానను నిందించేవారే ఎక్కువ, పెంకుపురుగును తలచుకునేవారు అరుదు. పువ్వుకూ పురుగుకూ మధ్యనున్న ఇటువంటి సంబంధాలను ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సి. సుబ్బారెడ్డి, ఎ.జె. సాలమన్ రాజు వంటి ఆచార్యులు తూర్పు కనుమల చెట్ల మీద దశాబ్దాల పాటు పరిశోధించారు. అటువంటి పని కొందరు ఆచార్యుల వ్యక్తిగత దీక్షగా మిగలకుండా, ఒక పాఠ్యక్రమంగా నిలవాలన్నదే ఇక్కడి కోరిక.

ప్రపంచంలో పేరు పెట్టిన కీటక జాతులు సుమారు 10 లక్షలు. పేరు లేనివి అంతకు ఎన్నో రెట్లు. భారతదేశంలో నమోదైనవి 60 వేలకు పైగా. వీటిలో పంటకు చెప్పుకోదగ్గ నష్టం చేసేవి చాలా కొద్ది భాగం. మిగిలినవి తగ్గుతున్నాయా, పెరుగుతున్నాయా అని అడిగితే సమాధానం కావాలంటే లెక్క ఉండాలి. జర్మనీలోని క్రెఫెల్డ్ పట్టణంలో ఔత్సాహిక కీటక ప్రియుల సంఘం రక్షిత ప్రాంతాల్లో 63 చోట్ల వలలు కట్టి, 27 ఏళ్ళ పాటు పడిన పురుగులను తూచి, వాటి మొత్తం బరువు నాలుగింట మూడు వంతులకు పైగా తగ్గిపోయిందని 2017లో వెల్లడించినప్పుడు ప్రపంచం ఉలిక్కిపడింది. ఆ ఫలితం కన్నా ఆ ఓపిక గొప్పది. తెలుగు నేలలోనూ పరిశోధన కేంద్రాల్లో దీపపు ఎరలు దశాబ్దాలుగా వెలుగుతున్నాయి. ప్రతి ఉదయం వాటిలో పడిన కాండం తొలుచు పురుగులను, సుడిదోమలను, పచ్చదోమలను లెక్కించి రాస్తారు. అదే ఎరలో పడిన మిగిలిన పురుగులకు ఆ రిజిస్టరులో సాధారణంగా గడి ఉండదు. చట్టం పరిస్థితి కూడా దాదాపు అదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టపు జాబితాల్లో కొన్ని సీతాకోకచిలుకలు, కొన్ని పెంకుపురుగులు ఉన్నాయి. మడి నీటిలోని అనామకుడికి, సీతాఫలపు పువ్వులోని అతిథికి ఏ జాబితాలోనూ చోటు లేదు. అటువంటి వాటిని కాపాడేది జాబితా కాదు, వాటి ఆవాసాన్ని ఎరిగిన మనిషి.

ఆ మనిషిని తయారు చేసే చదువు నేడు మూడు ముక్కలుగా చెదిరి ఉన్నది. డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్ర విద్యార్థి బొద్దింకను నమూనాగా తీసుకుని కీటక దేహ నిర్మాణం చదువుతాడు. ఆ బొద్దింక ఎక్కడ, ఎవరితో బతుకుతుందో చదవడు. వ్యవసాయ విద్యార్థి పంటలవారీగా శత్రు పురుగులను చదివి, నాఫ్తలీన్ ఉండలు వేసిన చెక్కపెట్టెలో సూదులకు గుచ్చిన పురుగులను వరుసగా పెట్టి సమర్పిస్తాడు. ఆ పెట్టెలోని వాటిలో పంటకు సంబంధం లేనివాటి కథ అతనికి ఎవరూ చెప్పరు. పర్యావరణ విద్యార్థి పులి గురించి, అడవి గురించి చదివి, కీటకాలను ఒక పేరాలో దాటిపోతాడు. పై చదువుకు రాజేంద్రనగర్‌లో వ్యవసాయ కీటక శాస్త్రంలో ఎంఎస్సీ, ఉస్మానియాలో జంతుశాస్త్రం, బెంగళూరు, డెహ్రాడూన్‌లలో వన్యప్రాణి విద్య ఉన్నాయి. ఇంగ్లండులోని హార్పర్ ఆడమ్స్ వంటి విశ్వవిద్యాలయాలు కీటక శాస్త్రాన్నే ప్రత్యేక పట్టాగా బోధిస్తున్నాయి. ఈ మూడు ముక్కలను ఒక్క చోట కలిపే చదువు తెలుగు విద్యార్థికి తన నేల మీద దొరకాలి.

అటువంటి పట్టాలో నాలుగు అంగాలు ఉండాలి. మొదటిది వర్గీకరణ: పురుగును చూసి దాని కుటుంబాన్ని, సాధ్యమైనచోట జాతిని చెప్పగల నేర్పు. 2018 మే నెలలో శివమొగ్గ వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మొక్కజొన్న మీద కత్తెర పురుగును పరాయి దేశపు జాతిగా గుర్తించగలిగినందువల్లనే దేశం హెచ్చరిక పొందింది. ఆ ఏడాదే అది తెలంగాణ మొక్కజొన్నకూ చేరింది. రెండోది క్షేత్ర పద్ధతి: వల, దీపపు ఎర, నేలలో పాతిన గుంత ఎర, ఒకే దారిలో ఒకే వేళకు నడుస్తూ రెండు పక్కలా కనిపించిన సీతాకోకచిలుకలను లెక్కించే నడక, వచ్చిన అంకెలను పరీక్షించే గణాంక శాస్త్రం. మూడోది వ్యవసాయం, చట్టం, సమాజం: పొలంబడి నడపగల శక్తి, జీవవైవిధ్య చట్టంపై అవగాహన. నాలుగోది భాష. పేరు లేని పురుగుకు తెలుగులో పేరు పెట్టగలగాలి. సుడిదోమ, ఉల్లికోడు అని పిలిచిన రైతు భాషా శక్తి ఇంకా సజీవంగానే ఉన్నది, దాన్ని పాఠ్యపుస్తకం అందుకోవాలి. ఈ నాలుగింటికీ బాన్సువాడ పరిసరాలే ప్రయోగశాల కాగలవు. ఒక వైపు కాలువ కింది మడులు, చెరకు తోటలు. మరో వైపు పోచారం అభయారణ్యపు చెట్లు. నడుమ మంజీర ఒడ్డు. ఒకే సెమిస్టరులో విద్యార్థి ఈ మూడింటిని పోల్చి చూడగల చోట్లు ఎక్కువగా లేవు.

ఈ చదువుకు ఉద్యోగం ఎక్కడ అన్న ప్రశ్న తల్లిదండ్రులు తప్పక అడుగుతారు, అడగడం న్యాయం. సస్యరక్షణ, మొక్కల దిగుమతి తనిఖీ, దోమల నియంత్రణ, జీవ నియంత్రణ ప్రయోగశాలలు, పట్టు పరిశ్రమ, అటవీ శాఖ, పరిశోధన సంస్థలు ఈ నైపుణ్యాన్ని కోరుతూనే ఉన్నాయి. అయినా వాటి సంఖ్య పరిమితమని ఒప్పుకోక తప్పదు. మరొక వాకిలి మాత్రం దాదాపు ఎవరూ తట్టనిది ఉన్నది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, తన పరిధిలోని జీవరాశిని ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో నమోదు చేయాలి. ఆ రిజిస్టరులో చెట్లు, పశువులు, పక్షులు చేరినంత తేలికగా కీటకాలు చేరవు, ఎందుకంటే వాటిని గుర్తించగలవారు ఊళ్ళో ఉండరు. ప్రతి మండలానికీ ఈ పట్టా పొందిన ఒక్క యువతి లేక యువకుడు ఉంటే ఆ పేజీలు నిండుతాయి, ఆ వ్యక్తి జీతానికి ప్రభుత్వం దగ్గర సమర్థన కూడా దొరుకుతుంది.

చివరగా, ఈ సభకు కారణమైన ఇంజనీరు పని నుంచే ఒక పాఠం. నిజాంసాగర్ నిల్వ సామర్థ్యం మొదట దాదాపు 30 టీఎంసీలు. నేడు అది 18 టీఎంసీల లోపే. కట్ట తెగలేదు, కరువు దాన్ని తినలేదు. మంజీర ప్రతి వరదలో తెచ్చిన ఒండ్రు, కంటికి కనిపించకుండా నీటి అడుగున పొర మీద పొరగా పేరుకుంది. గట్టు మీద నిలబడి చూసినవారికి నీళ్ళు ఎప్పటిలాగే నిండుగా కనిపించాయి. జరిగిన నష్టం తెలిసిందంటే, మొదటి రోజు నుంచీ గేజీ చూసి నీటిమట్టాన్ని రాసినవారు, కొన్నేళ్ళకొకసారి అడుగును కొలిచినవారు ఉన్నందువల్లనే. ఆయకట్టు పొలాల మీద సాయంకాలం లేచే రెక్కల పొగ కూడా ఎప్పటిలాగే ఉన్నట్లు కనిపిస్తుంది. అది నిజంగా ఎప్పటిలాగే ఉన్నదో లేదో చెప్పడానికి గేజీ లేదు. ఆ గేజీని పాతి, ప్రతి ఉదయం చదివి, రాసిపెట్టే పిల్లలు ఈ ఆయకట్టు కళాశాలల్లోనే తయారైన నాడు, నీరు తెచ్చిన మహనీయునికి ఆ నీటి వెంట వచ్చిన ప్రాణుల తరఫున కూడా రుణం తీర్చుకున్నట్లవుతుంది.